కాలనీ చౌరస్తాల్లో రంగులు వేయనివ్వండి

గౌరవనీయులైన హైదరాబాద్ నగర పాలక కమిషనర్ గారికి, ట్రాఫిక్ పోలీసు ఉన్నతాధికారులకు,

నమస్కారం.

మా కాలనీల చౌరస్తాల్లో, మలుపుల దగ్గర, బడుల ముందర రోడ్డు మీద రంగులు వేసి వాహనాల వేగం తగ్గించే ప్రయోగానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వమని ఈ లేఖ రాస్తున్నాను. దానికి ఒక ఇంజినీరునూ, ఒక ట్రాఫిక్ ఎస్సైనీ తోడివ్వండి. వానలు వెనకబట్టాక నవంబరులో మొదలుపెడితే, వేసవి సెలవులకల్లా అది పనిచేసిందో లేదో మీకే తెలుస్తుంది. ఖర్చు ఒక్క చౌరస్తాకు ఎంతవుతుందో మీ ఇంజినీర్లు నాకంటే బాగా లెక్కగట్టగలరు. ఫ్లైఓవర్లకూ, అండర్‌పాస్‌లకూ పెడుతున్న డబ్బు పక్కన అది లెక్కలోకి కూడా రాదు.

నేనుండేది వనస్థలిపురంలో. మ్యాపు తీసి చూస్తే మా కష్టం ఇట్టే అర్థమవుతుంది. ఎల్బీనగర్ దగ్గర చీలే విజయవాడ హైవేకూ సాగర్ రోడ్డుకూ మధ్యలో ఇరుక్కున్న ప్రాంతం మాది. సాయంత్రం ఎల్బీనగర్ కిక్కిరిసిపోగానే ఫోనులో మ్యాపు మా వీధులను దగ్గరి దారిగా చూపిస్తుంది. ఎన్జీవోస్ కాలనీ, బీఎన్ రెడ్డి నగర్, హస్తినాపురం వైపు ఉన్న లోపలి రోడ్లన్నీ ఒక పెద్ద రోడ్డు నుంచి ఇంకో పెద్ద రోడ్డుకు తోవలైపోతాయి. సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే కార్లు హైవే మీద బారులు తీరిన రోజుల్లో అయితే ఇక చెప్పనక్కర్లేదు. అలా వచ్చేవాళ్లను నేను తిట్టుకోను. అందరికీ ఇల్లు చేరాలనే తొందర ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద యూటర్న్ కిలోమీటరు అవతల ఉంటే, ఎడమ పక్కన ఖాళీగా కనిపించే గల్లీలోకి బండి తిప్పబుద్ధి ఎవరికైనా అవుతుంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, హైవే మీద అలవాటైన వేగం గల్లీలోకి తిరిగాక కూడా తగ్గదు. ఎందుకు తగ్గుతుంది? తగ్గించుకొమ్మని ఆ రోడ్డులో ఏదీ చెప్పదు.

మా కాలనీ రోడ్లు ముప్పై అడుగులవి, నలభై అడుగులవి. ఫుట్‌పాత్ లేదు. ఉండాల్సిన చోట ఇళ్ల ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, పార్క్ చేసిన కార్లు ఉన్నాయి. కాబట్టి బడికి పోయే పిల్లలూ, రైతుబజారు నుంచి సంచులు మోసుకొచ్చే ఆడవాళ్లూ, వాకింగ్‌కు వెళ్లే పెద్దవాళ్లూ అందరూ రోడ్డు మీదే నడుస్తారు. అదే రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు, స్కూలు వ్యాను, డెలివరీ కుర్రాళ్ల బళ్లు, సందు చూసి దూరే కార్లు. చౌరస్తాలో నాలుగు మూలలా ప్రహరీ గోడలు, గోడల పక్కన కార్లు. అవతలి నుంచి ఏమొస్తున్నదో చూడాలంటే మనిషి రోడ్డు మధ్యకు రావాల్సిందే. బండి నడిపేవాడికీ మనిషి అప్పుడే కనిపిస్తాడు. మా పక్క వీధిలో ఒక పెద్దావిడ పాలప్యాకెట్ తెచ్చుకుంటుండగా అలాంటి మూల మీదే బైకు తగిలి తుంటి ఎముక విరిగింది. ఆ బైకు నడిపిన అబ్బాయి పారిపోలేదు, ఆమెను తనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చెడ్డవాడేం కాదు. ఆ మూల మీద ఆమెను అతను ముందుగా చూసే వీలే లేదు. చూశాక ఆపేంత నెమ్మదిగానూ లేడు.

కాలనీ రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లని మీరే నిర్ణయించారు. మంచి నిర్ణయం. ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క కూడా అదే. మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట 30 మించనివ్వకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ దేశాల మంత్రుల సమావేశం తీర్మానించింది. ఆ అంకె ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూడండి. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. రోడ్డు పొడిగా ఉంటే 30లో వచ్చే కారు మొత్తం 13 మీటర్లలో ఆగుతుంది. 50లో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు దాటేస్తుంది. అంటే మొదటి కారు పూర్తిగా ఆగిపోయే చోట, రెండో కారు డ్రైవరు ఇంకా బ్రేకే వేయలేదు. అది ఆగేసరికి 27, 28 మీటర్లవుతుంది. ఢీకొట్టినప్పుడు మీదపడే శక్తి కూడా వేగంతో సమానంగా కాదు, దాని వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి 30 నుంచి 50కి వెళ్తే అది దాదాపు మూడు రెట్లు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. ఈ అంకెలు కేంద్ర రోడ్డు రవాణా శాఖవే. వీటిలో ఎక్కువ భాగం హైవేల మీద జరిగినవే అయినా, కాలనీల్లో విరిగిన చేతులూ కాళ్లూ ఏ నివేదికలోకీ ఎక్కవని మనందరికీ తెలుసు. రాజీ చేసుకుని, కట్టు కట్టించుకుని ఇంటికి వెళ్లిపోతారు.

30 పరిమితి ఉంది కదా, బోర్డులు పెడతాం అంటారేమో. పెట్టండి, కాదనను. కానీ వెడల్పుగా, నిటారుగా, ఖాళీగా కనిపించే రోడ్డు డ్రైవరుకు 50లో వెళ్లమనే చెబుతుంది. రోడ్డు ఒకటి చెప్పి బోర్డు ఇంకొకటి చెబితే మనిషి రోడ్డు మాటే వింటాడు. ప్రతి గల్లీలో కెమెరా పెట్టలేరు, ప్రతి మలుపు దగ్గరా కానిస్టేబుల్‌ను నిలబెట్టలేరు. ఆ విషయం మీకూ తెలుసు, మాకూ తెలుసు.

అందుకే జనం తమకు తెలిసిన మందు తామే వేసుకుంటున్నారు. అదే స్పీడ్ బ్రేకర్. దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మా కాలనీల్లో జరుగుతున్న నష్టంలో సగం ఇక్కడే ఉంది. ఎవరింటి ముందు ప్రమాదం జరిగితే వాళ్లు చందాలు వేసుకుని, రెండు బస్తాల సిమెంటు తెప్పించి, ఇంకో ఇంటి పనికొచ్చిన మేస్త్రీతో రాత్రికి రాత్రి అడ్డంగా ఒక గట్టు పోయించేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఐఆర్‌సీ 99 పేరుతో దీనికి కొలతలు ఎప్పుడో ఇచ్చింది. సుమారు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వంపు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాన్ని కుదుపు లేకుండా దాటాలి. ముందే హెచ్చరిక బోర్డు ఉండాలి, పైన నలుపు తెలుపు చారలుండాలి. మా వీధుల్లో ఉన్నవి ఒక అడుగు వెడల్పుతో, నిక్కబొడుచుకుని, రాత్రి పూట కనిపించని గట్లు. కొన్నిచోట్ల రబ్బరు ముక్కలు బోల్టులతో బిగిస్తారు. కొన్నాళ్లకు రబ్బరు ఊడిపోయి ఇనుప మేకులు మాత్రం మిగులుతాయి.

వీటితో ఎవరికి హాని జరుగుతోంది? బైకు వెనక పక్కకు తిరిగి కూర్చున్న ఆడవాళ్లకు. ఆటోలో వెళ్లే గర్భిణులకు. నడుం నొప్పి ఉన్న ప్రతి మనిషికీ. అంబులెన్సు ప్రతి గట్టు దగ్గరా ఆగి దిగాలి. వాన నీళ్లు గట్టుకు అడ్డుపడి నిలబడతాయి, కొన్నాళ్లకు అక్కడే గుంత పడుతుంది. వేగం కూడా నిజంగా తగ్గుతుందా అంటే, గట్టు ముందు గట్టిగా బ్రేకు, గట్టు దాటగానే ఇంకా గట్టిగా యాక్సిలరేటరు. రెండు గట్ల మధ్య ఉన్న ఇళ్లవాళ్లకు రాత్రీ పగలూ ఆ మోతే. వీటిని మీ సిబ్బంది అప్పుడప్పుడు వచ్చి తొలగిస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ మొలుస్తాయి. వేసేవాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. భయంతో వేస్తున్నారు. ఆ భయానికి మీ వైపు నుంచి ఇంకో జవాబు దొరకనంతకాలం ఆ గట్లు మొలుస్తూనే ఉంటాయి.

ఆ ఇంకో జవాబే రంగులు. చౌరస్తా మధ్యలోనూ, నాలుగు మూలల్లోనూ నిండు రంగులతో పెద్ద బొమ్మ వేస్తే డ్రైవరు కంటికి ఆ రోడ్డు మారిపోతుంది. దూరం నుంచే ‘ఇక్కడేదో ఉంది’ అనిపించి కాలు యాక్సిలరేటరు మీంచి లేస్తుంది. దీనికంటే ముఖ్యమైన పని మూలల్లో జరుగుతుంది. ఇప్పుడు మా మలుపులు ఎంత విశాలంగా ఉన్నాయంటే కారు వేగం తగ్గించకుండానే తిరిగిపోతుంది. మూలను కొన్ని అడుగులు ముందుకు జరిపినట్టుగా రంగు వేసి, దాని అంచున తగిలితే వంగి మళ్లీ లేచే ప్లాస్టిక్ కడ్డీలు పాతితే, మలుపు ఇరుకవుతుంది. అప్పుడు బండి నెమ్మదించి తిరగక తప్పదు. రంగు వేసిన ఆ మూలలో కారు పార్క్ చేయలేరు కాబట్టి అడ్డు తొలగి, వచ్చే మనిషీ వచ్చే బండీ ఒకరికొకరు ముందే కనిపిస్తారు. నడిచేవాళ్లు దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. అమెరికాలో న్యూయార్క్ పక్కనున్న హోబోకెన్ అనే చిన్న పట్టణం ఇలాగే మూలల్లో పార్కింగ్ తీసేసి, రంగులూ కడ్డీలూ కుండీలూ పెట్టుకుంటూ వచ్చింది. 2017 జనవరి తర్వాత ఏడేళ్లపాటు అక్కడి రోడ్ల మీద ఒక్క ప్రాణం కూడా పోలేదు. రంగులొక్కటే చేసిన పని కాదది. వేగ పరిమితి తగ్గించారు, ఇంకా చాలా చేశారు. అయినా మూల ఖాళీగా ఉంచడమనే చిన్న పనికి అందులో పెద్ద వాటా ఉంది.

చౌరస్తాలో బొమ్మ వేయడమనే పద్ధతి కొత్తదేమీ కాదు. 1996లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో ఒక వీధివాళ్లు తమ నాలుగు రోడ్ల కూడలిలో తామే రంగులు వేసుకున్నారు. నగర అధికారులు మొదట అభ్యంతరం చెప్పారు. తర్వాత దాన్ని చూసి, ఇరుగుపొరుగు ఒప్పుకుంటే ఎవరైనా వేసుకోవచ్చని నిబంధన తెచ్చారు. 2009లో న్యూయార్క్‌లో టైమ్స్ స్క్వేర్ దగ్గర రోడ్డులో కొంత భాగాన్ని రంగులతో, కుర్చీలతో నడిచేవాళ్లకు వదిలారు. పాదచారులకు గాయాలు 35 శాతం తగ్గాయి. తాత్కాలికమని మొదలుపెట్టినదాన్ని తర్వాత శాశ్వతం చేశారు. బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ అనే సంస్థ కోసం 2022లో అమెరికాలో ఇలాంటి బొమ్మలు వేసిన 17 చోట్ల, బొమ్మకు ముందూ తర్వాతా ప్రమాదాల రికార్డులు పోల్చి చూశారు. నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ చిక్కుకున్న ప్రమాదాలు 50 శాతం తగ్గాయి. గాయాలయ్యే ప్రమాదాలు 37 శాతం, మొత్తం ప్రమాదాలు 17 శాతం తగ్గాయి. ఆ బొమ్మలకు డబ్బిచ్చే సంస్థే ఆ అధ్యయనం చేయించింది, 17 చోట్లు పెద్ద సంఖ్య కూడా కాదు. పైగా అక్కడి డ్రైవరు వేరు, మన డ్రైవరు వేరు. అందుకే మేం నగరమంతా వేసేయమని అడగడం లేదు. ఇక్కడ ప్రయత్నించి, ఇక్కడే కొలవమని అడుగుతున్నాం.

మన దేశంలోనూ దీనికి దారి పడింది. పుణెలోని ఔంధ్‌లో 2016లో రోడ్డు మీద తాత్కాలికంగా అమర్చి చూసి, జనం మాట విన్నాకే పక్కా ఫుట్‌పాత్‌లు కట్టారు. ముంబైలో బాంద్రా, మలాడ్ వైపు కూడళ్లలో రంగులూ కోన్లూ పెట్టి వాహనాలకు దారి సరిచేసి చూశారు. మన హైదరాబాద్‌లో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి, రోడ్డును జనానికి వదిలింది మీరే. జనం ఎలా వచ్చారో చూశారు కదా. 2016లో మక్తాలో బస్తీ గోడల మీద దేశ విదేశాల చిత్రకారులు బొమ్మలు వేశారు. ఫ్లైఓవర్ స్తంభాలకు మీరు వేయిస్తున్న చిత్రాలు చూస్తూనే ఉన్నాం. అవి కంటికి బాగుంటాయి. అదే రంగు కాస్త కిందికి దిగి మనుషులు నడిచే చోటికి వస్తే బాగుండుననేది మా కోరిక.

అయితే ఒక రకం బొమ్మ మాత్రం వద్దు. రోడ్డు మీద గుంత ఉన్నట్టో, దిమ్మలు లేచి నిలబడినట్టో భ్రమ కల్పించే త్రీడీ చిత్రాలు. 2016లో వీటి మీద దేశమంతటా ఉత్సాహం వచ్చింది, కేంద్ర మంత్రి గడ్కరీ గారు కూడా వీటి గురించి చెప్పారు. మా ప్రాంతంలో రోజూ అదే రోడ్డు మీద వెళ్లేవాళ్లే ఎక్కువ. వారం తిరక్కుండానే అది ఉత్త బొమ్మేనని తెలిసిపోతుంది, తర్వాత దాని మీదుగా మునుపటి వేగంతోనే పోతారు. తెలియని మనిషి రాత్రిపూట హఠాత్తుగా చూసి బ్రేకు వేస్తే వెనక బండి గుద్దుతుంది. ఇంకో భయం, నిజం దిమ్మెను కూడా బొమ్మేననుకోవడం. భ్రమతో పనిచేసేది ఎక్కువకాలం నిలవదు. మలుపును నిజంగా ఇరుకు చేసే రంగు, కడ్డీలూ కుండీలూ ఉన్నంతకాలం పనిచేస్తుంది.

మీ ఇంజినీర్లకు వచ్చే సందేహాలు నాకు తెలియనివి కావు. మొదటిది జారుడు. వానలో నున్నటి పెయింటు మీద బైకు జారుతుంది, ఇది నిజమైన భయం. మామూలు గోడ రంగు వేయకూడదు. రోడ్డు కోసమే తయారైన రంగు కావాలి, అందులో గరుకుదనం కోసం సన్నటి ఇసుక లాంటి రవ్వ కలపాలి, రాత్రిపూట మెరవడానికి గాజు పూసలు చల్లాలి. లైన్లు గీసే థర్మోప్లాస్టిక్‌లో ఈ పూసల పద్ధతి మీ వాళ్లు రోజూ వాడుతున్నదే. బండ్లు బ్రేకు వేసే చోట, తిరిగే చక్రం పడే చోట నిండు పూత లేకుండా గీతల మధ్య రోడ్డు వదిలితే ఇంకా మంచిది. మా కాలనీల్లో ఎక్కువగా సీసీ రోడ్లే. తారు మీద పట్టినట్టు సిమెంటు మీద రంగు పట్టదు. ముందు శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి కానీ పూయకూడదు. నవంబరులో మొదలుపెట్టమని అడగడం అందుకే.

రెండోది చూపులేనివాళ్ల సంగతి. లండన్‌లో జీబ్రా క్రాసింగుల మీదే రంగురంగుల బొమ్మలు వేశారు. చూపు తక్కువున్నవాళ్లకు, మానసిక వైకల్యాలున్నవాళ్లకు, గైడ్ కుక్కలకు అవి అయోమయంగా ఉన్నాయని 2021లో వికలాంగుల సంఘాలు బహిరంగంగా అడిగితే, అక్కడి రవాణా సంస్థ కొత్తవి వేయడం ఆపింది. వాళ్ల మాట న్యాయమైనది. మనం ఆ తప్పు చేయనక్కర్లేదు. జీబ్రా గీతలు నలుపు తెలుపులోనే, ఐఆర్‌సీ 35 చెప్పిన కొలతల్లోనే ఉండాలి. స్టాప్ లైను అలాగే ఉండాలి. బొమ్మ వాటికి దూరంగా మూలల్లో, చౌరస్తా నడిమధ్యలో మాత్రమే రావాలి. డిజైను ఖాయం చేసే ముందు బేగంపేటలోని దేవ్‌నార్ అంధుల పాఠశాల పిల్లలనూ, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాలలో పునరావాస సేవలు చూసేవాళ్లనూ పిలిచి అడగండి. ఇంత మంచి సంస్థలు మన ఊళ్లోనే ఉండగా వాళ్లను అడగకుండా రోడ్డు మీద ఏదీ వేయకూడదని నా నమ్మకం.

2025 జూలైలో అమెరికా కేంద్ర రవాణా మంత్రి రోడ్ల మీద బొమ్మలూ రాజకీయ సందేశాలూ ఉండకూడదని రాష్ట్రాలకు లేఖ రాశారు. ఫ్లోరిడా ఆ వెంటనే కొన్నింటిని చెరిపించింది కూడా. ఈ వార్త చూపించి ఎవరైనా మీకు అడ్డు చెప్పవచ్చు. అక్కడ గొడవంతా బొమ్మ ఏ వర్గం పక్షాన మాట్లాడుతోందన్న దాని మీద నడిచింది. మనకు ఆ ఇబ్బంది రాకుండా ముందే గట్టి హద్దు గీసుకుందాం. కాలి కింద, చక్రం కింద పడే చోట దేవుడి బొమ్మ ఉండకూడదు, ఏ మతం గుర్తూ ఉండకూడదు. నాయకుల ముఖాలు, పార్టీ రంగులు, జాతీయ జెండా రంగులు వద్దు. కంపెనీ ప్రకటనలు అసలే వద్దు. అక్షరాలు కూడా వద్దంటాను. రాసిన కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకునే జనం మనం. ఆకులు, చేపలు, పిట్టలు, గళ్లు, చుక్కలు, మెలికలు చాలవా?

మెలికలంటే గుర్తొచ్చింది. ధనుర్మాసంలో, సంక్రాంతికి మా వీధుల్లో పెద్ద పెద్ద ముగ్గులు పడతాయి. ఆ ఉదయం ముగ్గు మీద నుంచి బండి పోనివ్వడానికి మనసొప్పక, పక్కకు తిప్పి మెల్లగా దాటించేవాళ్లను ఎంతమందిని చూశామో. ఆ బండి ఆపమని ఎవరూ చెప్పలేదు. ఈ రోడ్డు ఒకరి వాకిలి అని ఆ ముగ్గే చెప్పింది. రోడ్డు మీద ఇంత పెద్ద బొమ్మను తప్పు పోకుండా, కొలత చెడకుండా వేయగలిగిన చేతులు మా ప్రతి వీధిలోనూ ఉన్నాయి. వాళ్లకు సలహాకు మాసబ్‌ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) విద్యార్థులున్నారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కళలు నేర్పే సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. చేర్యాల నకాషీ చిత్రకారుల ఎర్రటి నేపథ్యాన్నీ, వాళ్లు వేసే చెట్లనూ జంతువులనూ చౌరస్తాకు సరిపడేలా ఎలా మార్చాలో వాళ్లనే అడిగి, తగిన కూలి ఇచ్చి వేయించండి. వీధివాళ్లు చేయి వేసిన బొమ్మను వీధివాళ్లే కాపాడుకుంటారు. ఇక్కడ కారు పెట్టకండని పక్కింటాయనకు చెప్పేది అప్పుడు వాళ్లే.

కాపాడుకోవడమంటే అసలు చిక్కు తవ్వకాలు. జలమండలి పైపు కోసం, కరెంటు కేబులు కోసం, ఇంటర్నెట్ వైరు కోసం మా రోడ్డు ఎప్పుడు ఎవరు తవ్వుతారో మాకే తెలియదు. తవ్వి మట్టి కప్పి పోతారు. రంగు వేసిన చౌరస్తాను తవ్వితే తిరిగి అదే రంగు వేసి ఇవ్వాలని రోడ్డు కటింగ్ అనుమతిలోనే ఒక షరతు చేర్చండి. ఒకసారి ఈ షరతు పెడితే, తవ్వేముందు అడగడమైనా అలవాటవుతుందేమో. రంగు ఎలాగూ ఏడాదికో రెండేళ్లకో వెలుస్తుంది. నగరంలోని 709 కిలోమీటర్ల మెయిన్ రోడ్ల నిర్వహణను 2019లో అయిదేళ్లకు ఏజెన్సీలకు అప్పగించిన అనుభవం మీకుంది. కాలనీ చౌరస్తాలకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. వార్డు ఇంజినీరు దగ్గర ఏటా ఒక చిన్న పద్దు చాలు.

ఇక అనుమతి మాట. ఇప్పుడు మేం కార్పొరేషన్ అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారిని అడిగితే ట్రాఫిక్ వాళ్లను అడగమంటారు, ట్రాఫిక్ వాళ్లను అడిగితే రోడ్డు కార్పొరేషన్‌దంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఇద్దరికీ ఆ అధికారం కాగితం మీద లేదు. సంతకం పెట్టాక ప్రమాదం జరిగితే తన మెడకు చుట్టుకుంటుందని ఇంజినీరు భయం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 198ఏ సెక్షను ప్రకారం, రోడ్డు డిజైనులో, నిర్వహణలో నిర్దేశించిన ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే, అంగవైకల్యం వస్తే సంబంధిత అధికారికీ కాంట్రాక్టరుకూ లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అందుకే ఒక ఇంజినీరు ధైర్యం మీద వదిలేయకుండా మీ స్థాయిలో ఉత్తర్వు రావాలి. కార్పొరేషనూ ట్రాఫిక్ పోలీసూ కలిసి ఒక్క పేజీ నిబంధన విడుదల చేస్తే చాలు. ఎలాంటి రోడ్డు మీద వేయవచ్చు, ఎక్కడ వేయకూడదు, ఏ రంగు వాడాలి, చుట్టుపక్కల ఎన్ని ఇళ్లవాళ్లు సంతకం పెట్టాలి, అర్జీకి ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి అన్నవి అందులో ఉండాలి. బస్సులు తిరిగే పెద్ద రోడ్లను దీంట్లోంచి తీసేయండి. అంబులెన్సుకూ ఫైరింజనుకూ తిరిగే చోటు ఉందో లేదో కొలిచాకే మూలలు ముందుకు జరపండి.

ప్రయోగానికి మూడు రకాల చోట్లు ఎంచండి. ఒక బడి ముందర రోడ్డు, గోడల వల్ల అవతలి నుంచి వచ్చేది కనిపించని ఒక చౌరస్తా, అడ్డదారిగా వాడుకునే ఒక పొడవాటి వీధి. వనస్థలిపురమే కావాలని మేం పట్టుబట్టం. పద్మారావు నగర్‌లో ఇదే గోస ఉంది, కేపీహెచ్‌బీలో ఉంది, మలక్‌పేటలో, సైనిక్‌పురిలో ఉంది. బస్తీల్లో అయితే పిల్లలకు ఆడుకోవడానికి రోడ్డు తప్ప ఇంకేం లేదు కాబట్టి, ఒకటైనా తప్పకుండా బస్తీలో ఉండాలి. సంతకాలు పోగుచేయగల సంఘాలున్న కాలనీలకే ఇది దక్కితే అన్యాయమవుతుంది.

రంగు వేయకముందే కొలవండి. మీ దగ్గర స్పీడ్ గన్లున్నాయి. బడి వేళల్లోనూ, సాయంత్రం రద్దీలోనూ, రాత్రి పది తర్వాతా ఒక వారం పాటు చూసి, వందలో 85 బళ్లు ఏ వేగానికి లోపల వెళ్తున్నాయో రాసిపెట్టండి. మీ ఇంజినీర్లు వాడే లెక్కే అది. నెల తర్వాత ఒకసారి, కొత్తదనం పోయాక ఆరు నెలలకు ఇంకోసారి అదే చోట, అదే వేళల్లో కొలవండి. నడిచేవాళ్లకు దారి ఇవ్వడానికి ఎన్ని బళ్లు ఆగాయో లెక్కపెట్టడానికి పక్కనున్న కాలేజీ విద్యార్థులను పెట్టుకోవచ్చు. మా అడ్డదారి మూసుకుని ఆ రద్దీ పక్క కాలనీ నెత్తిన పడిందా అన్నది కూడా చూడండి, లేకపోతే మా బాధ తీసి వాళ్లకు పెట్టినట్టే. ఫలితం ఏదొచ్చినా బయటపెట్టండి. వేగం తగ్గకపోతే చెరిపేయండి, మేం అడ్డుపడం. తగ్గితే ఆ మూలల్ని పక్కాగా, కర్బు రాయితో కట్టించండి. రంగుతో చూసి, సరిపడ్డాక సిమెంటుతో ఖాయం చేయడం వల్ల మీకూ డబ్బు వృథా కాదు.

ఈ లేఖలో అడిగినవన్నీ అర్జీగా రాసి సోమవారం ప్రజావాణిలో ఇస్తున్నాం. మా వీధుల కొలతలు, మూలల ఫోటోలు, ట్రాన్స్‌ఫార్మర్లూ మ్యాన్‌హోళ్లూ ఎక్కడున్నాయో గీసిన బొమ్మ దానికి జతచేస్తాం. మీ ఇంజినీరు గారు ఏ రోజు వస్తారో చెబితే చాలు. ఉదయం ఎనిమిదింటికి, స్కూలు వ్యాన్లు వచ్చే వేళకు రమ్మనండి. ఎక్కడ నిలబడి చూడాలో మేం చూపిస్తాం.

ఇట్లు,
వనస్థలిపురం కాలనీ నివాసి